పేరు అడగకూడని గది

ఆ ఉదయం ఆయా వేసుకున్న ప్లానులో తికమక ఏమీ లేదు. ముందు కణాలకు తిండి మార్చాలి. తర్వాత ఒక ఆరోగ్యవంతుడి ఊపిరి పరీక్ష ముగించాలి. పదకొండింటికి కమిటీ ముందు నిలబడి, నోరు ఎండిపోకుండా మాట్లాడాలి.

ఆయా ఆమె అసలు పేరు కాదు. ఆస్థమా మీద పనిచేసే ల్యాబులో ఆమె పరిశోధకురాలు. ఊపిరి గొట్టాల లోపలి పొర కణాలను పళ్ళెంలో పెంచుతుంది. వాటికి సెలవులు తెలియవు. ఆదివారమైనా, ఇంట్లో పెళ్ళయినా వచ్చి తిండి మార్చాల్సిందే. అందుకని ల్యాబులో ఎవరో ఆయా అన్నారు. ఆ పేరు నిలిచిపోయింది. నిలవనిదల్లా ఉద్యోగమే. కాంట్రాక్టు మీద కాంట్రాక్టుగా ఏళ్ళు గడిచాయి. ఉన్నది ఈ నెలాఖరుతో ఆఖరు. ఆమెను ఖాయం చేయాలో సాగనంపాలో ఈ కమిటీ తేలుస్తుంది. దాని ఛైర్మన్ వేరే ఊరి మనిషి. ఆయన్ని ల్యాబులో ఎవరూ చూడలేదు. కొరకరాని కొయ్య అని మాత్రం విన్నారు.

ఆస్థమా ఉన్నవాళ్ళు పరీక్షకు సులువుగానే దొరుకుతారు. దొరకనిది ఏ జబ్బూ లేనివాళ్ళే. ఊపిరి బాగా ఆడేవాడికి ల్యాబులో ఏం పని? చివరికి కణాల గది టెక్నీషియన్ ఆదుకుంది. అందరూ ఆవిడను అక్క అంటారు. తన భర్తను పంపుతానంది. ఆయనకు పరుపుల కొట్టు ఉంది. రోజంతా పరుపులు మోస్తాడు, ఒక్కనాడు తుమ్మి ఎరగడు. కమిటీ వచ్చే రోజు కాబట్టి కాస్త నీటుగా రమ్మనమని ఆయా చెప్పింది. కొంప ముంచింది ఆ మాటే.

ఆ ల్యాబుకి ఒక రూలు ఉంది. పరీక్షకు వచ్చినవాళ్ళ పేరు అక్కడ ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. ఎవరి ఊపిరి ఎవరిదో బయటికి పొక్కకూడదని మనిషికో నంబరు ఇస్తారు. అక్క ఈ సంగతి భర్తకు నూరిపోసింది. ల్యాబులో తనని గుర్తుపట్టినట్టు కూడా కనిపించవద్దంది.

ఆయా పరీక్ష గదిలో గొట్టం సర్దుతుండగా, పొట్టి చేతుల చొక్కా, గుడ్డ సంచీతో ఒక పెద్దాయన తలుపు దగ్గర ఆగాడు.

"నేనమ్మా, ఇవాళ..."

"పేరు చెప్పకండి," అంది ఆయా. "ఇక్కడ మీరు పద్నాలుగు. రండి, మీకోసమే చూస్తున్నా."

ఆయన ముచ్చటపడ్డాడు. కమిటీకి పని చేసి చూపిస్తున్నారనుకుని, అడిగిన చోట సంతకం పెట్టి కూర్చున్నాడు. ఆమె ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించింది. ఆపైన ఆయన చెప్పాలన్నా చెప్పలేడు.

"గట్టిగా పీల్చండి. ఇప్పుడు ఊదండి. ఊదండి, ఊదండి, లోపల ఇంకా ఉంది, దాచుకోకండి."

పరుపులు మోసే మనిషి కదా అని ఆమె దయ తలచలేదు. అయినా తెర మీద గీత సగంలోనే కుంగింది. ఇంకోసారి ఊదించింది. ఈసారి దగ్గు కూడా వచ్చింది.

"రోజూ దుమ్ములోనే కదండీ మీ పని?"

"ఫైళ్ళ దుమ్మే," అన్నాడాయన.

పరుపుల కొట్టుకి కూడా ఫైళ్ళు ఉంటాయి కాబోలనుకుంది ఆయా. ల్యాబు డాక్టరును పిలిచింది. ఆ డాక్టరు పెద్దాయన ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసి, ఊపిరి గొట్టాలు తెరుచుకునే మందు పీల్పించాడు. కాసేపాగి మళ్ళీ ఊదిస్తే గీత నిటారుగా లేచింది.

"ఎన్నాళ్ళుగా ఈ దగ్గు?" అంది ఆయా.

"అలవాటు దగ్గమ్మా. నేను గేటు దాటానని మా ఇంట్లో దీన్నిబట్టే తెలుసుకుంటారు."

"ఇది అలవాటు కాదండీ, ఆస్థమా. మందు వాడితే హాయిగా మెట్లెక్కుతారు. బాధపడకండి." ఆమె నిట్టూర్చింది. "నాకు మాత్రం మీరు పనికిరారు."

ఆయనతో ఆ మాట అన్నవాళ్ళు అంతవరకూ లేరు.

అదే సమయంలో గేటు దగ్గర ల్యాబు డైరెక్టరు ఛైర్మన్ కోసం పూలగుత్తితో నిలబడి ఉన్నాడు. పెళ్ళినాటి సూటు వేసుకుని, కోటు గుండీ బలవంతాన పెట్టుకుని ఒకాయన ఆటో దిగాడు. డైరెక్టరు ఎదురెళ్ళి పూలగుత్తి అందించాడు. ఊపిరి ఇచ్చేవాడికే ఇంత మర్యాదా అని పరుపుల కొట్టాయన కరిగిపోయాడు. పేరు అడిగితే, చెప్పకూడదని గట్టిగా చెప్పారన్నాడు. డైరెక్టరుకి చెమటలు పట్టాయి. ఇంత గుట్టుగా తనిఖీకి వచ్చారంటే ఎవరి కుర్చీకో ఎసరనుకున్నాడు.

సెమినారు హాల్లో అతిథి ప్రతి కుర్చీనీ వేలితో నొక్కి, ఇందులో స్పాంజి నాసిరకం అన్నాడు. అన్నీ మార్పిస్తానన్నాడు డైరెక్టరు. కణాల గదిలో అక్క వాళ్ళకు ఎదురుపడింది. పూలగుత్తి పట్టుకున్న మొగుడు తనకు దణ్ణం పెట్టి, "బాగున్నారా అమ్మా" అన్నాడు. ఆవిడ పళ్ళెం జారకుండా గట్టిగా పట్టుకుంది. ఆయన మైక్రోస్కోపులోకి వంగి, కణాల మీది నూగు ఊగడం చూసి తలెత్తాడు.

"వీటికి ఆదివారాలు కూడా తిండి పెట్టే పిల్లని పంపేస్తారటగా? మా ఇంట్లో రోజూ ఇదే గోల."

ఛైర్మన్ ఇంట్లో రోజూ తన ల్యాబు గోలేనని విని డైరెక్టరు బిగుసుకుపోయాడు.

"ఎవరు సార్ అన్నది? ఇవాళే ఖాయం చేస్తున్నాం," అన్నాడు, గదిలో అందరికీ వినబడేలా.

ఆ తర్వాత అతిథి, ఊదే గది ఎక్కడని అడిగాడు. అక్క కూడా వాళ్ళ వెంట నడిచింది. డైరెక్టరు తలుపు తీసేసరికి ఆయా పద్నాలుగో నంబరుకి జాగ్రత్తలు చెబుతోంది.

"మందు మానకుండా చూడమని అక్కకి నేను చెప్తాలెండి, బావగారూ."

"ఏ అక్కమ్మా?"

"మీ ఆవిడే."

"మా ఆవిడ మా ఊళ్ళో ఉంది."

డైరెక్టరు వెనకాల నుంచి అక్క తల పట్టుకుని ముందుకొచ్చింది. "ఆయన కాదే. ఈ సూటాయన మా ఆయన."

"మరి ఛైర్మన్ గారు?" అన్నాడు డైరెక్టరు.

"నేనే," అన్నాడు పద్నాలుగు.

ఆయా చెవిలో తను ఆయన్ని పనికిరారన్న మాట ఒక్కటే మోగుతోంది. రేపు కణాలకి తిండి ఎవరు పెడతారన్న ఆలోచన దాని వెనకే వచ్చింది.

ఛైర్మన్ సంచీ భుజానికి తగిలించుకున్నాడు. "నిజం చెప్పాలంటే, ఈ పోస్టు వద్దని రాద్దామనే వచ్చాను. ఇప్పుడు రాయకూడదు. నేను సంతకం పెట్టి ఈ అమ్మాయి పరీక్షలో నంబరునయ్యాను. ఆమె సంగతి నేను తేల్చడం రూలుకి విరుద్ధం. కమిటీ తరఫున మీరే తేల్చండి, డైరెక్టరుగారూ."

డైరెక్టరు నోరు తెరిచాడు.

"ఆయన ఇందాకే తేల్చేశారండీ," అన్నాడు పరుపుల కొట్టాయన. "ఇవాళే ఖాయమన్నారు. అందరూ విన్నారు."

డైరెక్టరు నోరు మూసుకుని, తల ఊపాడు.

ఆయా వాళ్ళమ్మకు ఫోన్ చేసి వచ్చేసరికి, అక్క తన మొగుణ్ణి పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి ఉంది. గట్టిగా పీల్చమని చెప్పగానే కోటు గుండీ తెగి తెరకు తగిలింది. ఆరోగ్యవంతుడని ఆయా రాసుకుంది.