పళ్ళ డాక్టరుగారి గేర్ నూనె

నేను అక్షరాలు దిద్దుకున్నది యాభై ఎనిమిదో ఏట. ఒత్తులూ దీర్ఘాలూ ఇంకా పూర్తిగా నా మాట వినడం లేదు. ఈ నాలుగు కాగితాలు రాయడానికే తొమ్మిది రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించి, దిద్దుకుని చదవండి.

మా వీధి పళ్ళ డాక్టరుగారు ఎదుటివాళ్ళ నోరు తెరిపించడంలో దిట్ట. ఇంట్లో మాత్రం ఆయన నోరు తెరిచే సందు దొరకదు. భార్య ఇరవై రెండేళ్ళుగా స్కూలు బస్సు నడుపుతోంది. యాభై మంది పిల్లల గోలకు పైన వినపడేలా మాట్లాడటం ఆవిడకు అలవాటు.

డాక్టరుగారికి ఒక పాత స్పోర్ట్స్ కారుంది. రెండే సీట్లు, నేలకు జానెడెత్తు. అందులోంచి దిగడమంటే బావిలోంచి పైకి ఎక్కడమే. ఆదివారాలు దాన్ని ఊరి బయట రేసు ట్రాకుకు తీసుకెళ్ళి తిప్పేవారు. ఆయన వేగానికి ట్రాకు పక్కన గడ్డి కోసేవాళ్ళు తలెత్తి కూడా చూసేవారు కాదు.

మలుపులో లోపలి చక్రం కాస్త తక్కువ, బయటి చక్రం కాస్త ఎక్కువ తిరగాలి. వెనక ఇరుసులో ఆ పంపకం చేసే గేర్ల పెట్టెనే డిఫరెన్షియల్ అంటారు. డాక్టరుగారు ఒక రోజు సొంత తెలివితో దాంట్లో నూనె మార్చారు. ఆనాటి నుంచి వీధి మలుపు తిరిగితే చాలు, గున్న ఏనుగుకు కడుపునొప్పి వచ్చినట్టు కారు వెనకనుంచి మూలుగు.

"చూడండి," అంది భార్య. "బస్సు నడిపేదాని ఇంట్లో కారు పురుటినొప్పులు పడుతోందని వీధంతా నవ్వుతున్నారు. ఆదివారం పక్కన కూర్చుని నేనూ వస్తాను. మలుపులో మూలిగిందా, సోమవారం అమ్మేస్తాను."

"కారు నాది."

"షెడ్డు నాది."

 ఆ కారు పోతే డాక్టరుగారికి ఆదివారం కూడా పళ్ళే మిగులుతాయి. బుధవారం నూనెల దుకాణానికి పరిగెత్తారు. ఆ దుకాణదారును అందరూ డబ్బాల పండితుడు అంటారు.

"ట్రాకు మీద నడిపేదా, రోడ్డు మీదా?" అన్నాడు పండితుడు.

"ట్రాకే."

"అయితే బాగా వేడెక్కుతుంది. తొంభై నంబరుంది, ఇంకా చిక్కటిది కావాలంటే నూట నలభై. ఇంతకీ మీ డిఫరెన్షియల్లో, చక్రం ఊరికే జారకుండా పట్టుకునే బిళ్ళలున్నాయా?"

తెలీదు అనే మాట డాక్టరుగారి పంటి సందులో చిన్నప్పుడే ఇరుక్కుపోయింది. ఏ పరికరమూ దాన్ని ఇంతవరకు బయటికి లాగలేదు.

"మీరేమనుకుంటున్నారు?" అన్నారు గంభీరంగా.

"నేను మీ కారు చూడలేదండీ."

"అదీ సంగతి," అని తల పంకించి, మూడు రకాల డబ్బాలు సంచిలో వేసుకుని బయటపడ్డారు.

"బిళ్ళలుంటే జారుడు మందు కలపాలండీ, లేకపోతే మూలుగుతుంది," అని పండితుడు వెనకనుంచి చెప్పాడు. అప్పటికి డాక్టరుగారు వీధి దాటేశారు.

గురువారం మధ్యాహ్నం భార్య పిల్లల్ని దింపడానికి బస్సు మీద వెళ్ళగానే వంటింట్లో పరీక్ష పెట్టారు. ట్రాకు వేడి తెలియాలి కదా, మూడు నూనెలనూ మూడు గిన్నెల్లో పోసి పొయ్యి మీద కాచారు. వాలుగా నిలబెట్టిన పళ్ళెం మీద ఒక్కో చుక్క వేసి, స్టాప్‌వాచ్ పట్టుకుని పరుగు పందెం నడిపించారు. అందరికంటే వెనక వచ్చిన చుక్కే గెలిచినట్టు. అది ఆయన సిద్ధాంతం. ట్రాకు మీద కూడా ఆయన పాటించేది అదే.

కాగిన గేరు నూనె వాసన మీరెప్పుడైనా చూశారా? కుళ్ళిన గుడ్డు గంధకంలో స్నానం చేసినట్టుంటుంది. పక్కింటావిడ గ్యాసు లీకవుతోందని కేక పెట్టింది. ఎదురింటాయన ఫోను చేశాడు. పావుగంటలో వీధి ఖాళీ. క్లినిక్కులో నోట్లో సగం సిమెంటుతో ఎదురుచూస్తున్న ఒకాయన కూడా నోరు తెరుచుకునే పరిగెత్తాడు. అగ్నిమాపకదళం గొట్టాలు లాక్కుంటూ వచ్చేసరికి, ఇళ్ళకు పిల్లల్ని దింపుతున్న స్కూలు బస్సు వీధి చివర ఆగిపోయింది.

భార్య దిగి వచ్చి, గుమ్మంలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చింది.

"గ్యాసు కాదు, గేరు నూనె," అంది అగ్నిమాపక పెద్దాయనతో. తర్వాత భర్త వైపు తిరిగింది. "ఏం వండుతున్నారు?"

"పరిశోధన."

"నా పాలగిన్నెలోనా?"

"అందులో ఉన్నది మధ్యరకం. చిక్కటిది పెద్ద గిన్నెలో ఉంది."

"ఏది గెలిచింది సార్?" అన్నాడు పెద్దాయన గొట్టం దించి.

"నూట నలభై."

భార్య పొయ్యి ఆర్పింది. కిటికీలన్నీ తెరిచి బస్సెక్కింది. ఆవిడ ఓడిపోయిందనుకున్నారు డాక్టరుగారు.

ఆ సాయంత్రమే కారు కింద దూరారు. పాత నూనె కార్చేసి, చిగుళ్ళు కడిగే పెద్ద సిరంజితో చిక్కటి నూనె ఎక్కించారు. నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం ఇరుసు కంతలో పెట్టి, "ఇంకాస్త తెరవండి," అన్నారు అలవాటుగా. నడిపి చూసే ధైర్యం మాత్రం చెయ్యలేదు. మూలిగితే వీధికి వినపడుతుంది.

ఆదివారం భార్య పక్కన కూర్చుంది. డాక్టరుగారు మలుపు తిప్పారు. చప్పుడు లేదు. ఇంకో మలుపు తిప్పారు. చీమ నడిచిన చప్పుడు కూడా లేదు.

ఇక ట్రాకులో ఆయన్ని పట్టుకోవడం ఎవరి తరం? వేగంలో కాదు, ఉపన్యాసంలో. నలుగురు కారువాళ్ళను చుట్టూ నిలబెట్టుకుని చిక్కదనం మీద ముప్పావుగంట మాట్లాడారు. ఒకాయన నూట నలభై అని అరచేతిలో రాసుకున్నాడు.

"అది చెరిపెయ్యండి," అంది భార్య. "ఈ కారులో ఉన్నది తొంభై, జారుడు మందు కలిపింది."

"నేను పోసింది నూట నలభై," అన్నారు డాక్టరుగారు.

"అది గురువారం. శుక్రవారం మీరు ఎవరిదో పన్ను పీకుతుండగా నేను తీసేశాను. డిఫరెన్షియల్లో బిళ్ళలున్నాయనీ, ఏ నూనె పొయ్యాలో, ట్రాకుకైతే ఎన్నాళ్ళకోసారి మార్చాలో రాసి డిక్కీ మూత లోపల కాగితం అంటించి ఉంది. బిళ్ళలకు మందు పట్టడానికి ఖాళీ బస్సు షెడ్డులో ఎనిమిది అంకెలా పది చుట్లు తిప్పాలన్నాడు మా మెకానిక్కు."

"తిప్పావా?"

"నలభై తిప్పాను."

"నలభై ఎందుకు?"

"బాగుంది," అంది ఆవిడ, చెయ్యి చాపుతూ. "హెల్మెట్ ఇటివ్వండి."

ఆవిడ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి, వాచీ పట్టుకున్నాయన తన వాచీ పాడైందనుకుని ఇంకొకటి తెప్పించాడు. రెండో చుట్టుకు గడ్డి కోసేవాళ్ళు కొడవళ్ళు వదిలేసి కంచె దూకారు.

కారు అమ్మలేదు. ఇప్పుడు ఆదివారాలు ఆవిడే నడుపుతుంది. డాక్టరుగారు పక్క సీట్లో కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కిటికీ అంచు పట్టుకుని "కాస్త మెల్లగా," అంటారు. ఆవిడ రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా, బస్సులో పిల్లలతో అనే గొంతుతోనే, "చేతులు లోపల పెట్టుకోండి," అంటుంది.

— ఆ స్కూలు బస్సు ఆయమ్మ. వయసు అరవై ఐదు. ఇప్పుడు ఉండేది మా కూతురింట్లో, మేడమెట్ల కింద గదిలో.