జొన్నలు ముట్టని రాబందు

రాబందు ఎక్కడ ఉండాలో, ఏం తినాలో, ఎన్నాళ్లకు కోలుకోవాలో రాబందుకే వదిలేసేంత బాధ్యత లేని ప్రభుత్వం కాదు మనది.

న్యాల్‌కల్ దగ్గర రెండెకరాల జొన్న చేను దున్నుకునే నారమ్మకు ఈ సంగతి 1983 ఎండాకాలం దాకా తెలియదు. ఆ ఏడు చిరాగ్‌పల్లి దగ్గర, రోడ్డు మీద చచ్చిన బర్రెను తింటున్న రాబందును లారీ గుద్దింది. రెక్క విరిగిన పక్షిని నారమ్మ గొంగడిలో చుట్టి, బస్సెక్కి, జహీరాబాద్‌లోని పశుపక్షి పునరుద్ధరణ ఉపకేంద్రానికి తెచ్చింది. (కండక్టరు పక్షికి అర టికెట్ కొట్టాడు.)

రిజిస్టరులో ఎద్దు, బర్రె, మేక, కోడి అన్న గడులే ఉన్నాయి. కాంపౌండరు సదాశివ కాసేపు ఆలోచించి, కోడి గడిలో రాశాడు.

"గిది కోడి గాదు సారూ," అంది నారమ్మ.

"రెక్కలున్నయి, ముక్కున్నది. ఇంకేం గావాలె?"

డాక్టర్ జగన్‌మోహన్ రెక్కకు శ్రద్ధగానే కట్టు కట్టి, నిబంధనల ప్రకారం రాశారు. నివాసం: కోళ్ల గూడు. ఆహారం: రోజుకు వంద గ్రాముల జొన్నలు. పక్షి మూడు రోజులు జొన్నలు ముట్టలేదు. 'రోగి సహకరించుట లేదు' అని నమోదైంది.

"అది సచ్చిన గొడ్డునే తింటది సారూ."

"తిననియ్యి," అన్నాడు సదాశివ. "గొడ్డు సచ్చినట్టు సర్టిఫికెట్ గావాలె. దరఖాస్తు పెట్టు, పదిహేను దినాలల్ల సారొచ్చి చూస్తడు." (పదిహేను రోజుల గొడ్డంటే రాబందులు కూడా ఆలోచిస్తాయి.)

నాలుగోనాడు పక్షి మెడ వాల్చేసింది. నారమ్మ దాన్ని మళ్లీ గొంగడిలో చుట్టింది.

సదాశివ గోడవైపు తిరిగాడు. "నేను సూడలే. జల్ది పో."

ఇంట్లో మొగుడు బస్వరాజ్ గొణిగాడు. "ఇంట్ల రాబందుంటే అరిష్టం."

"ఆకలితోని సస్తే అరిష్టం గాదా?"

కటికె సాయన్న దుకాణంలో మిగిలిన మాంసం తునకలు తెచ్చి, నలభై రోజులు మేపింది. ఒక పొద్దున పక్షి కొట్టం మీది నుంచి లేచి, చుక్కయ్యేదాకా ఎగిరింది. నారమ్మ చేతిపని వదిలి చూస్తూ నిలబడింది.

గూడు ఖాళీ అయింది కాబట్టి, ఉపకేంద్రం రికార్డుల్లో ఆ రోగి జొన్నాహారంతో పూర్తిగా కోలుకున్నాడు. దాని మీద ప్రసంగించడానికి డాక్టరుగారిని పట్నానికి పిలిచారు. ఆ వారమే నారమ్మ ఎద్దు కడుపుబ్బి కూలబడింది. ఆమె ఉపకేంద్రానికి పరుగెత్తింది.

"సారు ఉపన్యాసానికి పోయిండు నారమ్మా," అన్నాడు సదాశివ తల వంచుకొని. "సోమారం వస్తడు."

ఎద్దు శనివారమే చచ్చింది. దరఖాస్తు పెట్టకుండానే గంటలో వచ్చి చూసినవి రాబందులే.