కారైకుడి గడప

ఆ రోజు శ్రీహరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే గంజి పెట్టిన చొక్కా తొడుక్కోవాలి. నాగేంద్రమ్మ గృహప్రవేశానికి వెళ్లి సింహద్వారం పక్కన నిలబడాలి. వచ్చినవాళ్లకు ఇల్లు తిప్పి చూపించి, భోజనాల వేళకు ఇంకో ఇద్దరి ఇళ్ల పని చేతికి తెచ్చుకోవాలి. అంతే. మార్కాపురంలో ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకొని రెండేళ్లయినా, అతని చేత ఇల్లు గీయించుకున్న మొదటి మనిషి నాగేంద్రమ్మే. ఈ ఇల్లు నలుగురికీ నచ్చితే బోర్డు నిలుస్తుంది. నచ్చకపోతే మళ్లీ విజయవాడ పోయి, ఎవరి ఆఫీసులోనో ఎవరి పేరు మీదో ప్లాన్లు గీసుకోవాలి.

ఇల్లు బాగానే కుదిరింది, ఆ మాట దాచకూడదు. మధ్యలో పాతకాలపు మండువా, దాని మీద వాన పడకుండా గాజు కప్పు. కాంక్రీటు స్లాబు కింద పాత చెక్క స్తంభాలు. నేలంతా నల్ల పలకరాయి. నాగేంద్రమ్మకు పలకల కార్ఖానా ఉంది కాబట్టి రాయికి కొదవ లేదు. ఏసీ పెట్టెలు కూడా కంటికి కనపడకుండా చెక్కిన జాలీల వెనక దాక్కున్నాయి.

తంటా అంతా ద్వారబంధం దగ్గరే వచ్చింది. నాగేంద్రమ్మ కూతురు అరుణకుమారి ఫోనులో తమిళనాడు కారైకుడి ఇళ్ల తలుపులు చూసి, అలాంటిదే కావాలని పట్టుబట్టింది. శ్రీహరి సరేనన్నాడు. కారైకుడికి ఏ రైలెక్కాలో కూడా అతనికి తెలియదు. అదే వారం పాత కలప అమ్మే జహంగీర్ దుకాణంలో, ఆకుపచ్చ రంగు పొరలు పొరలుగా పట్టిన ద్వారబంధం ఒకటి కనిపించింది. గీకి చూస్తే అసలు సిసలు నల్లమల టేకు. పైకమ్మీ మీద చిలకలు, తామరలు. గిద్దలూరులో పడగొట్టిన ఇంటిదని జహంగీర్ చెప్పాడు. శ్రీహరి దానికి పాలిష్ కొట్టించి, కారైకుడి నుంచి తెప్పించానని చెప్పేశాడు. గిద్దలూరు అంటే బస్సెక్కితే వచ్చే ఊరు. ఆ ఊరి చెక్క చూసి ఎవరు నోరు తెరుస్తారు అనుకున్నాడు పాపం.

ద్వారబంధం నిలబెట్టిన రోజు నాగేంద్రమ్మ కంటి ఆపరేషన్ చేయించుకొని, నల్లద్దాలు పెట్టుకొని మంచం మీద ఉంది. పూజేదో భర్త చెంచయ్య, కూతురు కలిసి కానిచ్చారు. తర్వాత పనివాళ్ల కాళ్ల తాకిడికి గీతలు పడకుండా గడపకు గోనెసంచులు చుట్టి ఉంచారు. వాటిని గృహప్రవేశం పొద్దునే విప్పారు. విప్పాక గడప మధ్యలో ఉన్న, నిమ్మకాయ పట్టేంత గుంత అందరి కళ్లా పడింది.

"ఇదేంది నాయనా, గడపలో గుంత?" అని అడిగింది పక్కింటి కోటమ్మ.

తెలియదు అంటే సరిపోయేది. కానీ పక్కనే ఇద్దరు పలకల వ్యాపారులు నిలబడి ఉన్నారు. ఇళ్లు కట్టించుకోబోయే ఆ ఇద్దరూ వీళ్లే.

"అది దీపం గుంత అవ్వా," అన్నాడు శ్రీహరి, తడుముకోకుండా. "కారైకుడిలో ఆడబిడ్డలు సందెవేళ గడప మీద దీపం పెడతారు. దానికోసమే చెక్కుతారు. వందల ఏళ్ల సంప్రదాయం."

కోటమ్మ గడపను తాకి కళ్లకద్దుకుంది. ఊరుకోక లోపలి నుంచి నూనె, వత్తి తెప్పించి గుంతలో దీపం వెలిగించింది. ఇంకొకామె పువ్వు పెట్టింది. ఎవరో రూపాయి బిళ్ల వేశారు. వ్యాపారుల్లో ఒకాయన, "మా ఇంటికి గూడ ఇట్లాంటి దీపం గుంత ఒకటి చెక్కించాల సుమా!" అన్నాడు. శ్రీహరికి లోపల ఎక్కడో చురుక్కుమంది. అయినా చిరునవ్వు నవ్వి తలూపాడు.

ఇంతలో మేళం మోగింది. కొంగుముళ్లు వేసుకొని దంపతులు వచ్చారు. ముందు చెంచయ్య, చేతిలో దేవుడి పటం. వెనక నాగేంద్రమ్మ, చంకలో పాలగిన్నె. నరసింహం పంతులు కుడికాలు పెట్టమన్నాడు. చెంచయ్య కుడికాలు లోపల పెట్టాడు. నాగేంద్రమ్మ గడపకు కుంకుమ బొట్టు పెట్టడానికి వంగి, దీపాన్ని పక్కకు జరిపింది. ఆమె వేలు గుంతలో పడింది. వేలును అక్కడే గుండ్రంగా తిప్పి తిప్పి చూసింది. పైకి లేవలేదు.

"శ్రీహరీ, ఈ గడప యాడిది?"

"కారైకుడిది పెద్దమ్మా."

"కారైకుడిలో గూడ నేనే బాదంకాయలు కొట్టినానా?"

మేళం ఆగిపోయింది. నాగేంద్రమ్మ లేచి నిలబడింది.

"ఇది గిద్దలూరులో మా పుట్టింటి గడప. చిన్నప్పుడు రోజూ బడి నుంచి వచ్చి దీనిమీదే బాదంకాయలు పెట్టి రాయితో కొట్టేదాన్ని. మా నాయన తిట్టని రోజు లేదు. ఈ గుంత నాకు తెలవదా?"

"పెద్దమ్మా, గుంతలు ఒకేమాదిరి ఉంటాయి..." అన్నాడు శ్రీహరి. అప్పటికైనా ఒప్పుకొని ఉంటే కొంత పరువు మిగిలేది. కానీ నోరు దాని దారిన అది పోయింది. "కారైకుడి ఆయన కాగితాలు గూడ చూపించినాడు."

"అమ్మా, నువ్వు ఊరికే అనుమానపడొద్దు," అంది అరుణకుమారి నమ్మకంగా. "అన్నా, ఆ కారైకుడి ఆయనకే ఫోన్ చెయ్యి. స్పీకర్ పెట్టు. అందరం వింటాం."

శ్రీహరి ఫోను బయటికి తీశాడు. ఎవరికి చేయాలి? చివరికి జహంగీర్‌కే చేశాడు. మాటలో మాటగా సైగ అందిస్తే పట్టుకుంటాడని ఆశ.

"హలో, కారైకుడి కలప దుకాణమేనా అండీ?"

"ఎవరూ, శ్రీహరి సారా? కారైకుడేంది సార్, నేను జహంగీర్‌ను!" ఫోనులో గొంతు వీధంతా వినపడింది. "గృహప్రవేశం అయిందా? అంకయ్య పెద్దాయన గడప ఎట్లుంది? ఆయన వంటింటి కిటికీలు గూడ ఉండాయి సార్. కావాలంటే వాటిని గూడ కారైకుడివే అని చెప్పుకోండి, నాకేం!"

శ్రీహరి ఫోను నొక్కేశాడు. రూపాయి వేసినాయన వంగి తన రూపాయి తాను తీసుకున్నాడు.

"అయితే నేను పొద్దున్నుంచి బాదంకాయల గుంతకు మొక్కుతున్నానా?" అంది కోటమ్మ.

నేల చీలితే దూరిపోదామని శ్రీహరికి నిజంగానే అనిపించింది. గంజి చొక్కా వీపుకు అంటుకుపోయింది. వ్యాపారులిద్దరూ అతన్ని వదిలేసి గాజు కప్పు వైపు చూస్తున్నారు. తిట్టినా బాగుండేది. నాగేంద్రమ్మ తిట్టలేదు.

"మన గిద్దలూరు చెక్క అని చెప్పేదానికి నీకెందుకు నాయనా అంత సిగ్గు?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ముందు పాత అబద్ధాలన్నీ చిన్నవైపోయాయి.

అసలు చిక్కు ఇంకా ఉంది. అంకయ్య ఆమె తమ్ముడు. తన కూతురి పెళ్లిలో అంకయ్య భార్య చెల్లెలికి పట్టుచీర, సొంత అక్కకు నూలుచీర పెట్టాడు. నాగేంద్రమ్మ ఆ చీరను తెచ్చి ఇదే గడప మీద పడేసి, జన్మలో అతని గడప తొక్కనని ఒట్టు పెట్టుకుంది. నేనూ నీ గడప తొక్కనని అంకయ్య ఒట్టు పెట్టుకున్నాడు. ఆ ఇల్లు పడగొట్టాక అతను కొడుకుతో మార్కాపురమే వచ్చి, రెండు వీధుల అవతల ఉంటున్నాడు. బజారులో ఎదురుపడితే ఇద్దరూ చెరో దుకాణంలోకి దూరుతారు.

"నేను ఈ గడప దాటను," అంది నాగేంద్రమ్మ.

"తొక్కనన్నావు గానీ దాటనన్లేదు గదమ్మా," అంది అరుణకుమారి.

"తొక్కనన్నా, దాటనన్నా, రెండూ అన్నా. ఆ రోజు కోపంలో ఏదీ మిగల్చలేదు."

"డబ్బిచ్చి కొన్నారు గదా పెద్దమ్మా, ఇప్పుడు మీదే గదా," అన్నాడు శ్రీహరి సన్నగా.

"వాడు జహంగీర్‌కు అమ్మినాడు. నాకియ్యలేదు."

చెంచయ్యకు ఒక కాలు లోపల, ఒక కాలు బయట. కొంగుముడి ఉంది కాబట్టి ముందుకు పోలేడు. ముహూర్తంలో పెట్టిన కాలు వెనక్కి తీయకూడదని పంతులు అన్నాడు.

"నువ్వు పూజ చేసినప్పుడు గుర్తుపట్టలేదా?" అని నాగేంద్రమ్మ అతని మీద పడింది.

"అత్తారింటికి పోయినోడు వంటింటి వాసన చూస్తాడు గానీ గడప చూస్తాడా?" అన్నాడు చెంచయ్య, పటం బరువుకు చేతులు మార్చుకుంటూ.

రంపంతో కోసేద్దామని ఎవరో అన్నారు. "మా నాయన గడప మీద రంపం పెడతారా?" అని నాగేంద్రమ్మ ఇంతెత్తున లేచింది. దాటదు, కోయనివ్వదు. దొడ్డి గుమ్మంలో నుంచి పోదామంటే ఈ ఇంటికి దొడ్డి గుమ్మమే లేదు. పాత పద్ధతిలో ఒకే సింహద్వారం ఉంటే అందమని శ్రీహరి తీసేయించాడు.

"దొడ్డి గుమ్మం లేని పాత ఇల్లు యాడ చూసినావు నాయనా?" అంది కోటమ్మ. "కారైకుడిలోనా?"

శ్రీహరి తల ఇంకాస్త కిందికి దిగింది. పంతులు గడియారం చూసుకుంటూ, ముహూర్తం దాటితే మళ్లీ మూఢం పోయాకేనని గొణిగాడు. అప్పుడే వీధి మలుపులో స్కూటర్ ఆగింది. ఫోను మధ్యలో తెగిపోయేసరికి అనుమానం వచ్చిన జహంగీర్ ఊరుకోలేక, మీ అక్క ఇంట్లో మీ గడప గురించి ఏదో రభస జరుగుతోందని అంకయ్యకు కబురందించాడు. అంకయ్యకు తోచిన అర్థం ఒక్కటే.

"నా గడపకు చెదలు పట్టిందన్నది ఎవురు?" అని అరుస్తూ అంకయ్య స్కూటర్ దిగి వచ్చాడు. జనం పక్కకు తప్పుకున్నారు. గడప దగ్గర ఆగి, వంగి, అరచేత్తో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమాడు. "యాడుంది చెద? ఉక్కు మాదిరి ఉంది!"

"మామా, చెదలు కాదు..." అని అరుణకుమారి అనబోయింది.

అంకయ్య వినలేదు. లోపలి స్తంభాలను, గాజు కప్పును తొంగి చూశాడు. "మా అక్క గడప తొక్కనని నా ఒట్టు. ఇది నా గడప. నా గడప నేను తొక్కితే తప్పేముంది?" అని చెంచయ్యను పక్కకు ఒత్తిగిలమని, కుడికాలు పెట్టి దర్జాగా లోపలికి పోయాడు.

పంతులు గడియారం చూశాడు. "అమ్మా, శుభమా అని ముహూర్తంలోనే గృహప్రవేశం జరిగిపోయింది. జరిగింది మాత్రం ఆయనది."

"ఒరే అంకయ్యా! బయటికి రారా!" నాగేంద్రమ్మ కేక పెట్టింది. ఆ ఒట్టు పెట్టుకున్నాక తమ్ముడితో ఆమె ఆడిన మొదటి మాట అది.

"ఇల్లు బాగుందే అక్కా," అన్నాడు అంకయ్య లోపలి నుంచి.

"నాయన గడపను కట్టెల కింద అమ్ముకున్నోడివి, నా ఇంటిని మెచ్చుకుంటావా? సిగ్గుందా నీకు?"

అంకయ్య మొహం మాడిపోయింది. వచ్చి గడపకు లోపలి వైపున కింద కూర్చున్నాడు. గుంతలో వేలు పెట్టాడు.

"ఉంది గాబట్టే ఎవురికీ చెప్పలేదు," అన్నాడు. "బండికెక్కిస్తా ఉంటే చూడలేక లోపలికి పోయి కూర్చున్నా. ఈ గుంత కొట్టింది నువ్వు, నాయన చేత తన్నులు తిన్నది నేను. అయినా అమ్ముకున్నా. తప్పే అక్కా."

నాగేంద్రమ్మ పాలగిన్నె చంక మార్చుకొని కొంగుతో కళ్లు తుడుచుకుంది. చెంచయ్య మెడ కొంగుముడితో పాటు అటు లాగబడింది.

"అయ్యా, పశ్చాత్తాపం భోజనాలప్పుడు పడొచ్చు," అన్నాడు పంతులు. "టైము పోతోంది."

"పుట్టింటి నుంచి నీకు ఏమీ తేలేదు," అన్నాడు అంకయ్య. "ఈ గడపే నీకు పెడతా ఉండా. తీసుకో."

"నేను డబ్బిచ్చి కొన్నదాన్ని నాకే పెడతావా?"

"అప్పుడు నువ్వు కొన్నావు. ఇప్పుడు నేనిస్తా ఉండా."

నాగేంద్రమ్మ పాలగిన్నె సర్దుకుంది. "దీంతో చీర చెల్లిపోయిందనుకోవద్దు. చీర చీరే," అని కుడికాలెత్తి గడప దాటింది. చెంచయ్య రెండో కాలు కూడా లోపలికి చేరింది. పాలు పొంగాయి.

భోజనాలకు ముందు శ్రీహరి అందరి ఎదుట నిలబడి, కారైకుడి తాను ఎన్నడూ చూడలేదని, అబద్ధమాడినందుకు సిగ్గుగా ఉందని చెప్పాడు. నాగేంద్రమ్మ అతని విస్తట్లో తానే ఇంకో బొబ్బట్టు వేసింది. వ్యాపారులిద్దరూ ఫోన్ చేస్తామని చెప్పి వెళ్లారు. అలా చెప్పినవాళ్లు ఫోన్ చేయరని ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

చెయ్యి కడుక్కొని అంకయ్య ఇంటికి బయల్దేరాడు. గడప దగ్గర కాలెత్తి, ఎత్తిన కాలు అలాగే ఆపాడు.

"ఇప్పుడిది ఎవురి గడప?" అని అడిగాడు.

ఇచ్చిందేమో ఇచ్చేశాడు. అక్క గడప తొక్కనన్న ఒట్టు అలాగే ఉంది.

"నువ్వు గూడ తొక్కనని, దాటనని, రెండూ అన్నావు రా," అని గుర్తుచేసింది నాగేంద్రమ్మ. తర్వాత పోయి, పై గదిలో అతనికి పరుపు వేయించింది.

ఆ నెలలో శ్రీహరి చేతికి ఒకే ఒక్క కొత్త పని వచ్చింది: నాగేంద్రమ్మ ఇంటి వెనక గోడకు, అంకయ్య బయటికి పోవడానికి, ఒక దొడ్డి గుమ్మం.