నిటారు మనిషి నడుము

చీఫ్ ఇంజనీరుగారు ఉద్యోగ విరమణ చేశారు గాని, ఉదయపు కార్యక్రమాన్ని ముందురోజే నిర్ణయించుకునే అలవాటును విరమించలేదు. ఆనాటి క్రమం ఇది: స్నానం, ఫలహారం, ఆపైన నడక సంఘంవారి సభలో "డెబ్బైలోనూ నిటారుగా" అనే అంశంపై ఉపన్యాసం. లోపమల్లా ఒక్కటే. కొన్ని వారాలుగా నడుము నొప్పి ఆయన ప్రాణం తీస్తోంది. ఆ సంగతి భార్యకు తప్ప మరొకరికి తెలియదు. సంఘం కార్యదర్శి అయిన బావమరిదికి అసలు తెలియకూడదు.

అందుకే రహస్యంగా ఒక బల్ల తెప్పించారు. పాదాలను పట్టీల్లో బిగించి, వెనక్కి వాలి, చేతులు తలపైకి చాస్తే అది తిరగబడి మనిషిని తలకిందులుగా వేలాడదీస్తుంది. వెన్ను సాగి నొప్పి తగ్గుతుందట.

"మళ్ళీ పైకి లేవడం ఎలాగో బల్లతో వచ్చిన కాగితంలో చదివారా?" అంది భార్య.

"వంతెనలు కట్టినవాణ్ని. దీనికి కాగితమా?" అంటూ ఆయన గది గడియ పెట్టుకున్నారు.

తిరగబడడం సుఖంగానే జరిగింది. మరుక్షణం పట్టు డ్రెస్సింగ్ గౌను జారి ముఖాన్ని కప్పేసింది. ఊపిరాడక దాన్ని రెండు చేతులా తలకు అవతలికి లాగి పట్టుకున్నారు. చేతులు అటు చాచి ఉన్నంతసేపూ బల్ల లేవదని ఆయనకు తెలియదు. గౌను లోపల చారల నిక్కరు తప్ప మరేమీ లేదని మాత్రం బాగా తెలుసు.

"ఏమోయ్!" అని కేకవేశారు. వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. అది ఆగేసరికి వీధి గంట మోగింది. ఆమె వెళ్ళి తలుపు తీస్తే, ఆయన్ని సభకు తీసుకువెళ్ళడానికి బావమరిది సంఘ సభ్యులను వెంటబెట్టుకుని వచ్చాడు.

"బావగారూ, రెడీయేనా?" అంటూ నేరుగా గది తలుపు తట్టాడు.

"లోపలికి రావద్దు!" రక్తమంతా తలకు చేరడంతో గొంతు మరెవరిదోలా వచ్చింది.

"అక్కా, అది బావగారి గొంతు కాదే! లోపల ఎవడున్నాడు?"

"ఎవరూ లేర్రా. ఆయనే... అదీ..." నొప్పి సంగతి చెప్పనని మాటిచ్చిన ఆమె నసిగింది.

"నసుగుతావేంటి? ఎవడో పీక పట్టుకున్నాడు! బావగారూ, కట్టేశారా మిమ్మల్ని?"

"కాళ్ళు మాత్రమే! నేనే కట్టుకున్నాను. దయచేసి వెళ్ళిపొండి!"

"విన్నారా? పక్కనుంచి ఎవడో చెప్పిస్తున్నాడు. బావగారు జన్మలో ఎవరితోనైనా 'దయచేసి' అన్నారా?"

ఆ వాదాన్ని సంఘం ఏకగ్రీవంగా ఆమోదించింది. భుజాలన్నీ ఒక్కసారిగా తలుపును తాకాయి. గడియ ఊడిపోయింది.

ఇంజనీరుగారికి ముందుగా బూట్లు కనిపించాయి. ఆ వెంటనే, ఆ బూట్లవారికి తనలో ఏది కనిపిస్తోందో స్ఫురించింది. చప్పున గౌను వదిలేసి రెండు చేతులతో నిక్కరును కప్పుకున్నారు. చేతుల బరువు ఇటు మారగానే బల్ల మెల్లగా, ఎంతో మర్యాదగా పైకి లేచింది. గౌను యథాస్థానంలోకి జారింది. ఎర్రబడిన ముఖంతో, చేతులు తీయకుండానే, చీఫ్ ఇంజనీరుగారు సంఘం ఎదుట నిటారుగా నిలిచారు.

"అయితే బావగారూ," అన్నాడు బావమరిది, "ఇదన్నమాట మీ నిటారు రహస్యం!"

సభలో ఉపన్యాసం అతడే ఇచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో చూపించి మరీ ఇచ్చాడట.

విచిత్రమేమంటే, నొప్పి ఆ రోజుతోనే పోయింది. నొప్పి సంగతీ బయటపడింది గనుక, ఎలా పోయిందని ఎవరైనా అడుగుతారన్న భయంతో, ఇంజనీరుగారు ఇప్పటికీ నడుము పట్టుకునే నడుస్తున్నారు.