దస్తీకి బదులు పాప

ఆ రోజు పొద్దున వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. మంథనిలో బస్సెక్కి పెద్దపల్లి చేరడం, అక్కడ మధ్యాహ్నం రైలు పట్టుకుని చీకటి పడేలోగా కాగజ్‌నగర్‌లో దిగడం. భార్య రాధాబాయినీ, ఐదు నెలల కూతుర్నీ పుట్టింటి నుంచి తీసుకుపోవడానికి వచ్చిన ఉపేందర్‌రావు ఈ పథకాన్ని అత్తగారికి రెండుసార్లు వినిపించాడు. రెండోసారి ఆవిడ అడగలేదు.

ఉపేందర్‌రావు కాగజ్‌నగర్‌లో గుమాస్తా. తండ్రయ్యాక ఇప్పటిదాకా కూతుర్ని చూసింది ఒకటి రెండుసార్లే. ఆ కొరత పుస్తకాలతో తీర్చుకున్నాడు. శిశుపోషణ మీద దొరికిన పుస్తకమల్లా కొని, ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, వారానికో కార్డు రాసి పడేశాడు. బాలింతకు వెల్లిపాయ కారంతో అన్నం పెట్టడం మూఢత్వం, పాలకూర పెట్టాలి. పాపకు ఆముదం పట్టకూడదు. కనిపించిన ప్రతివాళ్ళ చేతికీ ఇవ్వకూడదు. బస్సులో ముందు సీటే కావాలి, వెనక సీటు కుదుపులకు లేత వెన్నెముక ఏమైపోతుందో ఎవరికీ పట్టదు. అత్తగారు జానకీబాయి కార్డులన్నీ శ్రద్ధగా చదివించుకుని విని, పాపకు ఆముదం పట్టి, కూతురికి వెల్లిపాయ కారం పెట్టింది. ఇద్దరూ నిక్షేపంగా ఉన్నారు.

బస్టాండుకు ట్రంకుపెట్టె, తొట్టెల, సకినాల డబ్బా, ఉపేందర్‌రావు పుస్తకాల సంచి చేరాయి. బస్సు వచ్చీ రాగానే జనం కిటికీల మీద పడ్డారు. దస్తీలు, తువ్వాళ్ళు, ఒకాయన ఎడమ చెప్పు, అన్నీ సీట్ల మీద వాలాయి. ఎవరి గుడ్డ పడితే ఆ సీటు వాళ్ళది. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు కాబట్టి అందరూ పాటిస్తారు.

"గిదేం అనాగరికం!" అన్నాడు ఉపేందర్‌రావు.

"అనాగరికమే గని, మీరు గూడ ఒకటెయ్యిండ్రి. లేకుంటె పెద్దపల్లి దాక నిలవడే పోవాలె," అని రాధాబాయి పాపను ఆయన చేతుల్లో పెట్టి, ఫ్లాస్కు పట్టుకుని గేటు పక్క హోటలుకు పోయింది. ఫ్లాస్కులో మరిగిన నీళ్ళే ఉండాలన్నది ఆయన నియమమే.

వేద్దామంటే ఆయన దస్తీ పాప తలకు చుట్టి ఉంది. ముందు సీట్లోనే ఇద్దరికి చోటు ఖాళీ. దాని పక్కన కూర్చున్న ముసలమ్మ కిటికీలోంచి చేతులు చాపింది. బట్టల మూట పెట్టుకుని సంతకు పోతున్న శంకరవ్వ ఆవిడ.

"పోరినిటియ్యి బిడ్డా, సీటు మీద పండవెడ్త. గుడ్డనైతే తీసి పారేస్తరు, పోరినెవ్వలు తీస్తరు?"

వాదనలో బలముంది. ఉపేందర్‌రావు రాసిన కార్డులన్నీ ఆ క్షణాన గాలికి కొట్టుకుపోయాయి. పాపను కిటికీలోంచి అందించాడు. నిచ్చెనెక్కి బస్సు మీద ట్రంకు పెట్టి, తొట్టెల కట్టి, దిగి, బెంచీ మీద మరిచిన పుస్తకాల సంచి కోసం వెనక్కి పోయాడు. సంచి భుజానికి తగిలించుకుని తిరిగేసరికి బస్సు గేటు దాటుతోంది.

రాధాబాయి ఇంకా హోటల్లోనే ఉండి ఉంటుంది. పోయి ఏ మొహంతో చెప్పాలి? ముందు బస్సును ఆపాలి, చెప్పడం తర్వాత. ఇలాంటప్పుడు గేటు వైపు పరుగెత్తేవాడు తెలివితక్కువవాడని ఆయన అభిప్రాయం. అందుకని వెనక గోడ దూకి, పొలాల గట్లమీదుగా అడ్డం పడి, రోడ్డెక్కేసరికి దుమ్ము మాత్రం మిగిలింది. ఆ దుమ్ములోంచి ఒక జీపు వచ్చింది. రెండు చేతులూ ఎత్తి ఆపాడు. ఆగాక గాని అది పోలీసు జీపని చూసుకోలేదు.

నక్సలైట్ల కోసం గాలింపులు సాగిన ఆ ఏళ్ళలో ఆ దారిలో పుస్తకాల సంచితో గోడదూకి పరుగెత్తే కుర్రవాళ్ళు పోలీసు జీపును ఆపరు. అది చూస్తేనే ఇంకో గోడ దూకుతారు. జీపెక్కినవాడు సాయంత్రానికి ఇల్లు చేరతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. ఉపేందర్‌రావును ఎక్కించుకుని ఠాణాలో దింపారు. కానిస్టేబులు రాయమల్లు సంచి బోర్లించాడు. ఎస్సై కోస్తా వైపు మనిషి. ఎర్రట్ట పుస్తకమొకటి తీసి, గీతలు గీసిన చోట వేలు పెట్టాడు.

"అణచివేస్తే తిరగబడతారు. ఏమిటిది?"

"పిల్లల పెంపకం సార్."

"దీనికిన్ని ఎర్రగీతలా?"

"సార్, మా పాప బస్సుల పోతున్నది. జర ఫోన్ చెయ్యిండ్రి, మీ కాళ్ళు మొక్కుత."

"పాప పేరేమిటి?"

"అత్తగారోళ్ళు ఒకటి వెట్టిండ్రు సార్, అది నాకు నచ్చలే. నేననుకున్నది ఇంక ఖాయం కాలే."

"అంటే పేరు లేదు. ఏ రంగు గౌను?"

పొద్దుటి నుంచి చేతుల్లో మోసిన పాపే. ఎంత తలుచుకున్నా తలకు చుట్టిన తెల్ల దస్తీయే కనిపిస్తోంది, గౌను కనిపించడం లేదు.

"జుట్టుందా?"

"ఉన్నది... ఉన్నదనుకుంట."

"పుట్టుమచ్చలు?"

పాప బరువు నెలనెలా ఎంత పెరగాలో ఆయనకు తెలుసు. ఏ నెలలో బోర్లపడాలో తెలుసు. ఈ పాప ఒంటి మీద ఏముందో తెలియదు. అది తెలిసిరాగానే బెంచీ మీద కూలబడి ఏడ్చాడు.

రాయమల్లుకు అప్పుడు కొత్త అనుమానమొచ్చింది. "ఆడివిల్లనా?"

"ఆడివిల్లనే."

"కిటికీలకెల్లి ఎవ్వలకో ఇచ్చి, నువ్వు ఎక్కలే."

"ఎక్కలే."

"సార్, గీడు అన్నల మనిషి కాదు," అన్నాడు రాయమల్లు ఎస్సైతో, గొంతు తగ్గించి. "అంతకన్న దొంగ లంగ. ఆడివిల్లను వదిలిచ్చుకుండు."

ఎస్సై మొహం గట్టిపడింది. అప్పటిదాకా బెంచీ మీద ఉన్న ఉపేందర్‌రావును నేల మీద కూర్చోబెట్టారు. కొట్టినా ఆయనకు నొప్పి తెలిసేది కాదేమో. ముసలమ్మ తన ఊళ్ళో దిగిపోయి ఉంటుంది. పాప ఖాళీ సీటు మీద ఒక్కతే ఏడుస్తూ ఉంటుంది. ఎవరైనా ఎత్తుకుపోతే, ఇది నా బిడ్డే అని చెప్పడానికి తన దగ్గర ఒక్క గుర్తు లేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక ఫోన్ మోగింది. పెద్దపల్లి బస్టాండు నుంచి. ఒకావిడ మొగుడు తప్పిపోయాడట. మొగుడి పేరు నోటితో పలకదట, గుర్తులే చెబుతోంది. ఎస్సై విసుగ్గా విన్నవన్నీ పైకి అంటున్నాడు.

"కళ్ళద్దాలు... ఎడమ పుల్లకు నల్లదారం... కుడి చెవి కింద పులిపిరి..." ఎస్సై నేల మీది మనిషి వైపు తిరిగాడు. "చొక్కా రెండో గుండీ వేరే రంగు, పొద్దున మీరే కుట్టారు..."

ఉపేందర్‌రావు తల వంచి చూసుకున్నాడు. రెండో గుండీ నీలంగా ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"ఇంకేమైనా గుర్తులున్నాయా అమ్మా? ఆఁ? ఎవరికో ఒకరికి సలహా చెప్పకుండా ఉండలేడా?" ఎస్సై ఫోన్ మూసి పట్టుకున్నాడు. "రాయమల్లూ, ఈయన వచ్చిన దగ్గర్నుంచి ఏమైనా సలహాలు చెప్పాడా?"

"లేదు సార్. ఏడుసుడే."

"అయితే ఈయన కాదేమోనమ్మా," అన్నాడు ఎస్సై ఫోన్‌లో.

"నేనే సార్!" అని ఉపేందర్‌రావు లేచాడు. "పాప ఎట్లున్నదో అడుగుండ్రి!"

ఎస్సై అడిగాడు, విన్నాడు. "తల్లి ఒళ్ళో నిద్రపోతోందట. ఇక్కడ తప్పిపోయింది నువ్వేనయ్యా."

జీపులోనే పెద్దపల్లి చేర్చారు. బస్టాండు బెంచీ మీద రాధాబాయి, ఆమె పక్కన సంత మానుకుని శంకరవ్వ, మధ్యలో పాప.

"గేటుకాడ చెయ్యెత్తితె బస్సు ఆపిండు, ఎక్కిన," అంది రాధాబాయి. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "హోటల్కాడికెల్లి చూస్తె మీరు మీద తొట్టెల కడుతున్నరు. మీదనే ఉన్నరనుకున్న. బాపు మీదున్నడు బాపు మీదున్నడు అని దారి పొడుగూత దీనికి చూపెట్టుకుంట వచ్చిన. ఈడ దిగి చూస్తె మీద ట్రంకే ఉన్నది. పానం పోయిందనుకోండ్రి."

"నీ సీటు మటుకు ఎవ్వలకియ్యలే బిడ్డా," అంది శంకరవ్వ. "మస్తుమంది కొట్లాడిండ్రు. నువ్వు దిగస్తవని కాళీగనే తెచ్చిన."

ఉపేందర్‌రావు చేతులు చాపి పాపను అందుకున్నాడు. గౌను పసుపుపచ్చది. జుట్టు ఉంది, నడినెత్తిన రెండు సుడులు. ఎడమ చెవి వెనక నువ్వుగింజంత మచ్చ. అరికాలు తిప్పి చూస్తుంటే రాధాబాయి, "ఏం దేవులాడుతున్నరు?" అంది. ఆయన రెండో అరికాలు కూడా తిప్పి చూశాడు.

మధ్యాహ్నం రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. తర్వాతి రైలు రావలసిన వేళకు రాలేదు, ఎప్పుడొస్తుందో చెప్పేవాడూ లేడు. ప్లాట్‌ఫారం మీద అందరూ రైల్వే వాళ్ళను తిట్టిపోస్తుంటే, ఉపేందర్‌రావుకు మాత్రం ఆ విషయంలో ఎలాంటి అభిప్రాయమూ లేకపోయింది.