ఒత్తూ కొమ్మూ లేని బస్సు

ప్రయాణికుల సంక్షేమ శాఖామాత్యులు శ్రీ విజయభాస్కర్ గారు సవకలపాలెం అనే సముద్రతీర గ్రామంలో ముప్పై రోజులు బస చేస్తారనీ, ఆ ముప్పై రోజులూ కారు ముట్టకుండా, సామాన్యుడి వలె పాసు కొనుక్కుని, బస్సులోనే నెల్లూరు వెళ్లి రాజ్యభారం వహిస్తారనీ ప్రకటన వెలువడగానే జిల్లా యావత్తూ పులకించింది. సవకలపాలెం మాత్రం కొంచెం ఆలస్యంగా పులకించింది. మా ఊరికి బస్సు లేదు గనుక దినపత్రిక మధ్యాహ్నానికి గాని చేరదు.

ఈ మహత్కార్యానికి మూలకారకుణ్ణి నేనేనని చెప్పుకోవడానికి సంకోచంగా ఉంది, అయినా చెప్పుకుంటాను. ముప్పై ఏళ్లు తెలుగు పండితుడిగా పిల్లల చేత ఒత్తులు దిద్దించి, పదవీ విరమణ చేసి, ఊళ్లో స్థిరపడ్డాను. ఊరి అర్జీలన్నీ నా కలం నుంచే జారుతాయి. రెండు నెలల కిందట చేపలమ్మే వనజాక్షి, పడవల చెంచయ్య మా ఇంటికి వచ్చారు. వనజాక్షి కూతురు బిందు అల్లూరులో ఇంటర్ చదువుతున్నది.

"అయ్యోరా, పిల్లకి హాజరు అరవై ఆరు శాతమంట. డెబ్బై ఐదు లేకుంటే పరీక్ష రాయనీరంట" అన్నది వనజాక్షి. "మెయిన్ రోడ్డుకి ఐదు కిలోమీటర్లు ఇసకలో నడిచి పొయ్యేలోపల బస్సు ఎలబారిపోతా ఉంది. బిడ్డ ఉసూరుమంటా తిరిగొస్తా ఉంది."

"మన ఊరికే బస్సు కావాలని రాయి అయ్యోరా. గట్టిగా రాయి" అన్నాడు చెంచయ్య.

గట్టిగానే రాశాను. 'మా గ్రామమునకు తక్షణమే ఒక బస్సు మంజూరు చేయ ప్రార్థన.' ఆ వాక్యాన్ని ఆఫీసులో కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు సకారానికి ఉన్న ఒత్తూ కొమ్మూ రెండూ రాలిపోయాయి. మిగిలినది 'బస'.

మంత్రిగారు ఆ అర్జీ చదివి కళ్లు తుడుచుకున్నారట. "అందరూ రోడ్డడుగుతారు, నీళ్లడుగుతారు. వీళ్లు నన్నడిగారు" అన్నారట.

బస చేయాలన్న నిర్ణయం క్షణంలో జరిగింది. పాసు ఎంపికే మహాయజ్ఞమైంది. తుఫాను షెల్టరుకు సున్నం కొట్టి, అందులో ఉన్నతస్థాయి సమీక్షా సమావేశం ఏర్పాటు చేశారు. ఊరి తరఫున నేనూ చెంచయ్యా కూర్చున్నాం. మంత్రిగారి కుడివైపు ఆయన పి.ఏ. కిషోర్ బాబు, ఎడమవైపు పాసుల రకాలన్నీ కంఠస్థం చేసిన ఒక రవాణా అధికారి.

"శాసనసభ్యులకు ఎలాగూ ఉచిత పాసు ఉంటుంది సార్" అని అధికారి ఆరంభించాడు.

"అందులో సామాన్యత ఎక్కడుందయ్యా?"

"పోనీ, సిటీ పాసు సార్. చవక. కాకపోతే సిటీ బయట చెల్లదు."

"నేను ఉండబోయేదే సిటీ బయట."

"అయితే వృద్ధుల రాయితీ పాసు సార్. తమరికి అరవై రెండు..."

కిషోర్ బాబు గొంతు సవరించుకుని, సారు పార్టీ యువజన విభాగానికి అధ్యక్షులన్న సంగతిని సభకు గుర్తు చేశాడు. తన వాక్యాన్ని మినిట్స్ నుంచి తొలగించవలసిందిగా అధికారి వేడుకున్నాడు.

"స్టూడెంటు పాసు తీసుకోండి సార్. మా బిందుకుండాది" అన్నాడు చెంచయ్య, తన వంతు సాయంగా.

ఈ సూచన మంత్రిగారిని కదిలించింది. తాను నిత్య విద్యార్థినని ఆయన ఒప్పుకున్నారు. అయితే ఆ పాసుకు హాజరు ధ్రువీకరణ పత్రం జతపరచాలని అధికారి విన్నవించాడు. శాసనసభలో మంత్రిగారి హాజరు ఎంతో కనుక్కోవడానికి కిషోర్ బాబు ఫోను చేశాడు. అవతలివారు చెప్పిన సంఖ్య విని, మెల్లగా ఫోను జేబులో పెట్టుకుని, స్టూడెంటు పాసు సారు స్థాయికి తగదన్నాడు.

ఇక మిగిలినది నెలవారీ సీజన్ టికెట్టు. దానికి ఎక్కే స్టేజీ, దిగే స్టేజీ ఉండాలి. సవకలపాలెం స్టేజీ కాదు. ఆ మధ్యాహ్నం మూడున్నరకల్లా దాన్ని స్టేజీ చేశారు. స్టేజీ అన్నాక స్టాపు ఉండాలి. సమావేశం నాలుగో రోజుకు చేరేసరికి గ్రానైటు బల్లతో స్టాపు వెలసింది. పాసు మీద ఫోటో కావాలి. ఆరు ఫోటోలు తీశారు. ఆరింటిలోనూ ఆయన మంత్రిలాగే పడ్డారు.

"అన్నా, నీ చొక్కా ఒకసారి ఇస్తావా?" అని కిషోర్ బాబు చెంచయ్యను అడిగాడు. ఏడో ఫోటోలో సామాన్యుడు సాక్షాత్కరించాడు. పక్కనే అసలు సామాన్యుడు చొక్కా లేకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అంతా ముగిసి టీ తాగుతుండగా అధికారి నసిగాడు. "ఇంకో చిన్న నిబంధన సార్. సీజన్ టికెట్టు ఇవ్వాలంటే ఆ రూట్లో బస్సు తిరుగుతూ ఉండాలి."

"తిరగడం లేదా?"

"లేదు సార్."

"మరి జనం ఎప్పుడూ బస్సు అడగలేదా?"

"రికార్డు ప్రకారం అడగలేదు సార్" అన్నాడు కిషోర్ బాబు, మా అర్జీని తిరగేసి.

ఒత్తు సంగతి విన్నవిద్దామని నేను లేవబోయాను. చెంచయ్య నా పంచె పట్టి లాగాడు. "కూకో అయ్యోరా. బస్సు వస్తా ఉండాది" అని గొణిగాడు.

ఆ విధంగా, పాసు చెల్లుబాటు నిమిత్తం, పాసు గడువు ఉన్న ముప్పై రోజులకు, రోజూ ఉదయం ఏడున్నరకు అల్లూరు మీదుగా నెల్లూరుకు ఒక స్పెషల్ బస్సు మంజూరైంది. పాసు నంబరు ఒకటి.

బస ప్రారంభోత్సవం సాయంత్రం నాలుగు గంటలకు జరిగింది. మంత్రిగారు షెల్టరులో నులకమంచం మీద పన్నెండు నిమిషాలు బస చేశారు. అనంతరం అత్యవసర సమీక్ష ఉండటంతో కారులో నెల్లూరు వెళ్లారు. మంచం మీద ఆయన పచ్చ తువ్వాలు ఉండిపోయింది. "సారు ఎక్కడున్నా ఆయన బస ఇక్కడే" అని కిషోర్ బాబు మాకు ధైర్యం చెప్పి వెళ్లాడు.

మరునాడు ఏడున్నరకు బస్సు వచ్చింది. కండక్టరు గిద్యోను దిగి, పాసుదారుడి కోసం పది నిమిషాలు చూశాడు. స్టాపులో బిందు ఒక్కతే పుస్తకాల సంచితో నిలబడి ఉంది.

"నేనెక్కచ్చా అన్నా?"

"ఇది స్పెషల్ తల్లీ. ఈ మిషన్లో పాసు నంబరు ఒకటే ఉండాది. నీకు ఆడోళ్ల ఉచిత టికెట్టు కూడా కొట్టదు."

"మరెట్టన్నా?"

"టికెట్టు కొట్టకపోతే నువ్వు ఎక్కనట్టే గదా. ఎక్కని మనిషిని నేనెట్ట దించేది? ఎక్కు."

బిందు ఎక్కింది. మర్నాడూ ఎక్కింది. బస సాగినన్నాళ్లే బస్సు సాగుతుందని ఊరికి తెలుసు గనుక, చెంచయ్య ఆ పచ్చ తువ్వాలును రోజూ పొద్దున్నే తడిపి షెల్టరు ముందు తీగ మీద ఆరేసేవాడు. ఒకనాడు తనిఖీకి ఒక అధికారి వచ్చాడు.

"సారు లేరా?"

"ఇప్పుడే సముద్రం దిక్కు పోయినారు సార్, చెంబు తీసుకొని" అన్నాడు చెంచయ్య.

అధికారి మర్యాదగా సముద్రానికి వీపు తిప్పి నిలబడి, తడి తువ్వాలును తాకి చూసి, 'బస నిరాటంకముగా కొనసాగుచున్నది' అని రాసుకుని వెళ్లాడు.

ఇరవై తొమ్మిదో రోజుకు బిందు హాజరు డెబ్బై మూడుకు చేరింది. ఇంకో రెండు వారాలు బస్సు వస్తే చాలు.

"అయ్యోరా, ఈసారి బస్సడగమాక. మంత్రినే అడుగు" అన్నది వనజాక్షి. "ఆయనుంటే బస్సు అదే వస్తాది."

ఆమె రాజనీతికి తల వంచి రాశాను. 'మా గ్రామమునకు మంజూరైన బస మరొక నెల పొడిగించ ప్రార్థన.' సకారం మీద ఈగ వాలినా ఒత్తని భ్రమపడతారేమోనని, స్వయంగా ఆఫీసుకు పట్టుకువెళ్లాను. కంప్యూటరు ముందున్న అమ్మాయి ప్రత్యూష నా అక్షరాలు చూసి గుర్తుపట్టింది.

"సవకలపాలెం సారే గదా? పోయినసారి మీ అర్జీలో ఒత్తు వదిలేసినాను సార్. తర్వాత తెలిసి ఎంత బాధపడినానో. ఈసారి ఆ తప్పు జరగనీను."

ఆ అమ్మాయి వృత్తినిష్ఠకు ముగ్ధుణ్ణయి, ఆశీర్వదించి వచ్చాను.

ముప్పయ్యో రోజు సాయంత్రం చెంచయ్య ఫోనుకు జవాబు వచ్చింది. చదివి వినిపించాను. 'మీ గ్రామమునకు మంజూరైన బస్సును పొడిగించవలెనను వినతి తిరస్కరించబడినది. కారణము: ముప్పై రోజులలో ప్రయాణికుల సంఖ్య సున్న. ఏకైక పాసుదారుడు ఒక్కరోజైనను బస్సు ఎక్కియుండలేదు.'

మరునాడు బిందు ఆరుగంటలకే ఇసకలో పడి నడిచింది. తొమ్మిదికి తిరిగొచ్చింది.

మధ్యాహ్నం పత్రిక వచ్చింది. మొదటి పేజీలో, ముప్పై రోజుల బస్సు ప్రయాణాన్ని దిగ్విజయంగా ముగించినందుకు మంత్రిగారికి రాజధానిలో జరిగిన సన్మానం వార్త, పక్కన పెద్ద ఫోటో. బిందు పైకి చదువుతుంటే చెంచయ్య పత్రిక అందుకుని, దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇది నా చొక్కా" అన్నాడు.