ఏలూరి పెరటిలో హిమక్షీర సంగ్రామము

కృష్ణాగోదావరీ నదీద్వయ మధ్యమున, కొల్లేటి మీదుగా వచ్చు గాలి సైతము పొయ్యిమీది ఆవిరివలె వీచు రోహిణీకార్తె అపరాహ్ణమున, పంతొమ్మిదివందల ముప్పదియారవ సంవత్సరమున, కాకులు నోళ్లు తెరచుకొని కొమ్మలపై మూర్ఛిల్లియుండ, ఏలూరునందలి ఒకానొక పెంకుటింటి పెరటిలో మహాయుద్ధమొకటి సంభవించెను. అందు సేనాధిపతి మిషను బడిలో సైన్సు బోధించు ప్రసాదరావు అను ధీరోదాత్తుడు, అనగా నేనే. శత్రువు శేరు పాలు.

పాలను ఐస్‌క్రీముగా మార్చి చూపెదనని నా శిష్యులకు ప్రతిజ్ఞ చేసియుంటిని. అంతకుముందు నేను వండి చూపిన సబ్బు నురుగునకు బదులు దుర్గంధమును మాత్రమే ప్రసాదించియుండుటచేత, ఈ పర్యాయము ఓడినచో వారు నన్నే కాదు, శాస్త్రమునే నమ్మరు. కావున, కొల్లేటి చేపలను రైలెక్కించు వర్తకుని బతిమాలి, ఊకలో పొదిగి గోనె చుట్టిన ఐసుగడ్డను తెచ్చి, పగులగొట్టి బాల్చీలో పోసి, నడుమ పాలు పంచదార నింపిన మూతగిన్నెను ప్రతిష్ఠించితిని. ఎదుట నా శిష్యసైన్యము: రాజకుమారి, ఏసుబాబు, బంగార్రాజు.

నేను ఐసుపై ఉప్పు చల్లబోగా రాజకుమారి కెవ్వుమనెను.

"ఉప్పేస్తే ఐసు కరిగిపోతుంది కదండీ మాస్టారూ!"

"ఓసి కుశాగ్రబుద్ధీ! కరుగుటయే మన వ్యూహము! లవణాఘాతమున కరగు హిమము తనకు వలయు వేడిని ఎచటినుండి కొల్లగొట్టును? ఈ పాలనుండి! సర్వోష్ణమును కోల్పోయిన క్షీరము గడ్డకట్టక ఎట పోగలదు?"

"అయితే ఐసు పాలని దోచుకుంటుందన్నమాటండీ!" అని ఏసుబాబు గంతులు వేసెను.

అరుగుపై ఆవకాయకు కాయలు కోయుచున్న మా అత్తగారు పాపమ్మగారు తలయెత్తిరి. "పాలు గడ్డకడితే పెరుగంటారండీ అల్లుడుగారూ. దానికింత హడావిడెందుకండీ?"

ఆ వాగ్బాణమును లెక్కసేయక గిన్నెను గిరగిర త్రిప్పితిమి. చేతులు కొంకరలు పోయినవి. గడ్డకట్టినదో లేదో చూడవలెనను ఆత్రమున నేను మాటిమాటికి మూత తీయుచుంటిని. తీసిన మూతను బిగించుట మరచితిని. రుచి చూడగా, అయ్యో, పాలలో సముద్రుడు కొలువుండెను!

పిల్లల ముఖములు వాడినవి. బంగార్రాజు నన్ను ఓదార్చెను. "పర్లేదులెండి మాస్టారూ. సబ్బుకన్నా నయమేనండీ."

ఆ ఓదార్పు ఈటెవలె గ్రుచ్చుకొనగా, వంటింటి గుమ్మమున నా భార్య సలోమి యెదుట చేతులు జోడించితిని. "ఓ గృహసామ్రాజ్ఞీ! తోడుపెట్టుటకై దాచిన పాలను, ఆవకాయకై తెచ్చిన కల్లుప్పులో దోసెడును దయచేసి, భగ్నసైన్యుడనైన నన్ను ఉద్ధరింపుము!"

"ఆ పిల్లల మొహాలు చూసి ఇస్తున్నానండీ, మీ పద్యం విని కాదు. మూతకి నేను గుడ్డ కడతాను. మీరు మాత్రం దాని జోలికి రాకండి."

అట్లు సేనాధిపత్యమునుండి తొలగింపబడి, బాల్చీ దొర్లిపోకుండ పాదములతో అదిమిపట్టు ఉద్యోగమున నియుక్తుడనైతిని. పిల్లలు వంతులవారీగా త్రిప్పిరి. ఐసు నీరగుచుండెను. నా కాలివ్రేళ్లు ఉన్నవో లేవో తెలియలేదు. మూత తీయుమని నోటిదాక వచ్చిన మాటను సలోమి చూపు మరల లోనికి నెట్టెను.

ఎట్టకేలకు ఆమె కట్టు విప్పెను. నడుమ పాలు పాలుగనే యున్నవి. కాని గిన్నె అంచుల వెంబడి, వెన్నవలె తెల్లగా, ఒక వ్రేలి మందమున, అది గడ్డకట్టియుండెను! తలకొక చెంచాడు దక్కెను. రాజకుమారి కనులు మూసికొని, నోరు తెరచుటకు మనసొప్పక, అట్లే నిలబడిపోయెను.

పాపమ్మగారు చేపల వాసన వచ్చునేమోనని అనుమానించుచునే నోటవేసికొని, చెంప పట్టుకొనిరి.

"అమ్మమ్మమ్మ! ఉన్న ఒక్క పన్నూ జివ్వుమందండీ అల్లుడుగారూ!"

అష్టదిక్పాలకులారా, ఆలకింపుడు! నిప్పులు చెరుగు రోహిణీకార్తెలో, ఏలూరు మహాపట్టణమున, మా అత్తగారి ఏకైక దంతము చలికి వణకెను! శాస్త్రమునకు జయము!